పొగ ఎటు పోతోంది?

8 ఆగస్టు 2025, శుక్రవారం. కూకట్‌పల్లి

వ్రతం బాగానే జరిగింది. తొమ్మిది రకాల పిండివంటలు నా వల్ల కాదని ముందే చెప్పేసి పూర్ణాలు, గారెలు, పులిహోర, పరమాన్నం, శనగలతో సరిపెట్టాను. అమ్మవారు ఏమీ అనుకున్నట్టు లేదు. సాయంత్రం వాయనానికి వచ్చిన పై అంతస్తు అమ్మాయి గుమ్మంలో కాలు పెడుతూనే, "ఆంటీ, మీ గారెల వాసన లిఫ్టులోనే పట్టేసింది" అంది. మావారు దాన్ని మెచ్చుకోలు కింద జమకట్టుకుని మురిసిపోయారు, వండింది తనే అయినట్టు. నాకు మాత్రం వేరే ఆలోచన తగిలింది. వంటింటి వాసన లిఫ్టు దాకా వెళ్ళిందంటే పోవాల్సిన దారిన పోలేదన్నమాట.

రాత్రి పడుకోబోతే, మంచం మీద మడతపెట్టి ఉంచిన ఉతికిన దుప్పట్లకు కాగిన నూనె వాసన. వంటింటికీ పడకగదికీ మధ్య హాలంతా ఉంది. తెల్లవారుజామునుంచి చిమ్నీ మూడో నంబరు మీద మోగుతూనే ఉంది కదా! మోత మోగింది, పని జరగలేదు. దీని సంగతేమిటో చూడాలి.

9 ఆగస్టు, శనివారం

ఫిల్టర్లు మొన్ననే కడిగాను. వేణ్ణీళ్ళలో వంటసోడా, గిన్నెల సబ్బు కలిపి నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో వంపులన్నీ రుద్దితే స్టీలు తళతళలాడింది. అయినా నిన్న ఆ వాసన. నాకు ఇదే అసలైన ఆనవాలు. ఫిల్టరు మురికే కారణమైతే కడిగిన మర్నాడు తేడా కొట్టొచ్చినట్టు కనపడాలి. కనపడలేదంటే జబ్బు ఫిల్టరు దాటి లోపలెక్కడో ఉంది. అక్కడికి మన చెయ్యి పోదు.

బడిలో జడత్వం పాఠం చెప్పినన్నాళ్ళూ బస్సు బ్రేకు వేస్తే ముందుకు తూలడమే ఉదాహరణ. ఇప్పుడైతే ఈ బ్యాఫిల్ ఫిల్టరు క్లాసుకి పట్టుకెళ్ళేదాన్ని. లోపల వంపు తిరిగిన రేకులు ఎదురెదురుగా ఉంటాయి. గాలి ఆ వంపుల్లో తిరిగి పైకి పోతుంది. నూనె తుంపరకు బరువుంది కాబట్టి అంత చప్పున తిరగలేదు, రేకుకు కొట్టుకుని కిందికి జారుతుంది. అయితే మరీ సన్నని తుంపర, ఆవిరైపోయిన నూనె గాలితోపాటే తిరిగి లోపలికి పోతాయి. ఎంత ఖరీదైన ఫిల్టరైనా వాటిని పూర్తిగా ఆపలేదు. ఏళ్ళ తరబడి లోపల ఫ్యాను మీదా, గొట్టంలోనూ పేరుకునేది అదే.

ఆయన తన పరీక్ష తను చేశారు. చిమ్నీ వేసి టిష్యూ కాగితం ఫిల్టరుకి ఆనిస్తే అతుక్కుంది. "చూశావా, లాగుతోంది" అన్నారు. టిష్యూ బరువెంత! దాన్ని పట్టి ఉంచడానికి ఏపాటి గాలి కావాలి? సాయంత్రం దీపం పెట్టాక నేను అగరుబత్తి ఒకటి తెచ్చి స్టవ్వు మీదుగా తిప్పాను. ఫిల్టరు మధ్యకి పెడితే పొగ చక్కగా లోపలికి పోయింది. ముందు బర్నరు ఎత్తుకి దించితే ఒక క్షణం తటపటాయించి నా మొహం మీదికే వచ్చింది. గారెల మూకుడు ఉండేది సరిగ్గా అక్కడే. వ్రతం రోజు దీపం కొండెక్కుతుందని కిటికీ మూశాను, అదేమైనా కారణమా అని కిటికీ ఓరగా తీసి మళ్ళీ చూశాను. బయటి గాలి లోపలికి రానిదే లోపలి గాలి బయటికి పోదు కాబట్టి కొంత మెరుగైంది. కొంతే.

ఇదంతా వాసన గొడవే అయితే ఊరుకుందును. బాగా కాగిన నూనెలోంచి అక్రోలిన్ అనే ఘాటు వాయువు పుడుతుంది, కళ్ళు మండేది దానివల్లే. ఎక్కువ మంట మీద వేపుడు చేసేటప్పుడు వచ్చే పొగల్ని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2010లో ప్రచురించిన సంపుటంలో 2ఎ వర్గంలో, అంటే మనుషులకు బహుశా క్యాన్సర్ కలిగించగలవాటిలో చేర్చింది. గారెలు మానేద్దామని కాదు. ఆ పొగ ఎటు పోతోందో తెలియాలి.

11 ఆగస్టు, సోమవారం

పనమ్మాయి గిన్నెలు సర్దుతూ, "అమ్మా, పైనుంచి ఏందో కారుతున్నది" అని కేకేసింది. చిమ్నీ ముందు అంచున తేనె రంగు బొట్టు వేలాడుతోంది. పాలగిన్నె మూత మీద అప్పటికే రెండు మచ్చలు. వేలితో తీస్తే తీగలా సాగింది, సబ్బుకి ఓ పట్టాన వదల్లేదు.

వెంటనే కింది నూనె కప్పు తీసి చూశాను. పొడిగా ఉంది! శ్రావణమాసమంతా మూకుడు దించని ఇంట్లో నూనె కప్పు పొడిగా ఉండడమేమిటి? కప్పులోకి దిగే కన్నం పూడిపోయి, నూనె తోచిన దారి వెతుక్కుంటోందన్నమాట. కప్పు నిండితే మనకు కంగారు పుడుతుంది గాని అసలు కంగారు పడాల్సింది నిండనప్పుడు.

పొద్దుతిరుగుడు నూనె వేడికీ గాలికీ చాలాకాలం ఉంటే నూనెగా ఉండదు. అణువులు ఒకదానికొకటి అల్లుకుని బంకగా, ఆ తర్వాత వార్నిష్ పొరగా మారతాయి. చిత్రకారులు వాడే అవిసె నూనె ఆరి గట్టిపడేదీ ఇలాగే. అందుకే కొత్త జిడ్డు వేణ్ణీళ్ళకు పోతుంది, పాత జిడ్డు గోకితే తప్ప పోదు. మా చిమ్నీ అంచున కారేది ఆ రెంటికీ మధ్య రకం.

14 ఆగస్టు, గురువారం

ఇవాళ వంట లేని వేళ చిమ్నీ ఒక్కటే వేసి కుర్చీ లాక్కుని కూర్చుని విన్నాను. ఆయన తలుపులోంచి తొంగిచూసి ఏమీ అనకుండా వెళ్ళిపోయారు.

శబ్దం ఇంతకుముందుకన్నా సన్నగా ఉంది, ఈల కలిసినట్టు. ఇది మోటారు అరిగిన చప్పుడు కాదు. వాక్యూమ్ క్లీనర్ గొట్టానికి అరచెయ్యి అడ్డం పెడితే కూత ఒక్కసారిగా పెరుగుతుంది, అందరూ ఎప్పుడో ఒకప్పుడు చూసే ఉంటారు. గాలి కదలకపోతే ఫ్యానుకు మోసే బరువు తగ్గి ఇంకా వేగంగా తిరుగుతుంది. కాబట్టి చప్పుడు పెరిగితే శక్తి పెరిగినట్టు కాదు, ఎక్కడో దారి మూసుకుంది.

మిగతా చప్పుళ్ళు వేరు. ఫ్యాను రెక్కల్లో జిడ్డు ఒకవైపు ఎక్కువ పేరుకుంటే తూకం తప్పి పెట్టె మొత్తం వణుకుతుంది, పక్క అరలో గాజు గ్లాసులు కూడా సన్నగా మోగుతాయి. కీచుమంటే బుష్షో బేరింగో ఎండిపోయింది. స్విచ్చి వేయగానే హుమ్‌మని మూలిగి తిరగకపోతే, లేదా చేత్తో కాస్త తోస్తేగాని తిరగకపోతే, కెపాసిటరు. ఇలా తోసి నడిపించేవాళ్ళు మా అపార్ట్‌మెంట్‌లోనే ఉన్నారు. మోటారు చుట్ట కాలిన వాసన వచ్చేదాకా వాళ్ళకు అదొక చమత్కారం.

17 ఆగస్టు, ఆదివారం

బెంగళూరు నుంచి మావాడి ఫోను. "పదేళ్ళు దాటిందిగా అమ్మా, పడేసి ఆటో క్లీన్‌ది కొనెయ్. 1,200 సక్షన్‌ది."

ఈ ఆటో క్లీన్ మీద జనానికి ఎంత నమ్మకమో. అది చేసేదల్లా లోపలి హీటరుతో ఫ్యాను చుట్టూ ఉన్న జిడ్డును కరిగించి కప్పులోకి దించడం. వారం వారం నొక్కితే మంచిదే. గొట్టాన్ని అది ముట్టుకోదు. ఏడాది పాటు నొక్కకుండా ఉంచి ఒకరోజు నొక్కితే గట్టిపడిన జిడ్డు దానికి లొంగదు కూడా.

ఇక 1,200 అంటే గంటకు అన్ని ఘనపు మీటర్ల గాలి. మా వంటిల్లు పదడుగులు బై ఎనిమిది, ఎత్తు పది. సుమారు 23 ఘనపు మీటర్లు. గంటకు పన్నెండుసార్లు గాలి మారాలన్న లెక్క వేసుకున్నా 276 చాలు. మన తాలింపులకీ వేపుళ్ళకీ దానికి రెట్టింపు, మూడింతలు అనుకుందాం. ఇప్పుడున్న దాని పెట్టె మీద కూడా వెయ్యి అని రాసి ఉంది. గొట్టం పొడవు, దాని వంపులు, బయటి మూత దాటాక ఆ వెయ్యిలో ఎంత మిగులుతుందో మాత్రం పెట్టె మీద రాయరు. పాత గొట్టానికి కొత్త చిమ్నీ తగిలిస్తే కొత్త చిమ్నీ కూడా ఈలే వేస్తుంది. ఇదంతా చెబితే, "సరే అమ్మా, నీ ఇష్టం" అన్నాడు. వాడు ఆ మాటంటే నేను చెప్పింది వినలేదని అర్థం.

19 ఆగస్టు, మంగళవారం

కంపెనీ సర్వీసు మనిషి వచ్చాడు. బూట్లు విప్పి, కాగితం మీద సంతకం ముందే పెట్టించుకుని, చిమ్నీ వేసి, జేబులోంచి టిష్యూ తీశాడు. అతుక్కుంది. "సక్షన్ బాగానే ఉంది మేడమ్, ఏఎంసీ తీసుకోండి." కారుతున్న చోటు చూపించాను. "అయితే మోటార్ వీక్ అయింది, మార్చాలి" అన్నాడు. ఒక్క మర కూడా విప్పకుండానే! బాగుందీ, మార్చాలీ రెండూ ఒకే నిమిషంలో ఎలా నిజమవుతాయని అడిగితే నవ్వాడు. పాపం, కుర్రవాడే. రోజుకు ఇన్ని ఏఎంసీలు, అదే ఏడాది నిర్వహణ ఒప్పందాలు, అమ్మాలని పైనుంచి ఒత్తిడి ఉంటుంది.

గొట్టం చూడమన్నాను. "డక్ట్ మా పరిధిలోకి రాదు మేడమ్. అది మీ కార్పెంటర్ వేసింది." నిజమే, ఇల్లు చేసేటప్పుడు ఫాల్స్ సీలింగ్‌లో గొట్టం పరిచింది వడ్రంగే. చిమ్నీ కంపెనీకి గొట్టం పట్టదు, వడ్రంగికి గాలి పట్టదు. పొగ వాళ్ళిద్దరి మధ్యా ఇరుక్కుంది.

రాకపోక ఛార్జీ ఇచ్చి పంపించాను. ఒప్పందం తీసుకోలేదు.

21 ఆగస్టు, గురువారం

తెనాలి దగ్గర మా అమ్మమ్మగారి వంటింట్లో పెంకుల మధ్య వదిలిన సందే చిమ్నీ. దూలాలు పొగచూరి నల్లగా నిగనిగలాడేవి. అమ్మమ్మ కళ్ళు ఎప్పుడూ ఎర్రగానే ఉండేవి, వయసు వల్ల అనుకునేవాళ్ళం.

ఆ పొగ గురించి ఆలోచించినవాళ్ళు ఈ హైదరాబాద్‌లోనే ఉండేవారు. హైదరాబాద్ ఇంజనీరింగ్ రీసెర్చ్ లేబొరేటరీస్‌లో డాక్టర్ ఎస్.పి. రాజు పొగరాని పొయ్యి తయారుచేసి, 1953లో దాని మీద ఇంగ్లీషులో చిన్న పుస్తకం కూడా వేశారు. ఒకటికి మించి గిన్నెలు ఎక్కించుకునే మట్టి పొయ్యి, పొగ బయటికి పోవడానికి గొట్టం. డ్యాములకూ వంతెనలకూ లెక్కలు కట్టే చోట ఒకాయన ఆడవాళ్ళ పొయ్యి గురించి లెక్క కట్టాడంటే నాకు ఇప్పటికీ ముచ్చటగా ఉంటుంది. ఆ తర్వాత 1983లో కేంద్రం మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమమే పెట్టింది.

మరి ఏమైంది? ఒడిశా పల్లెల్లో గొట్టం ఉన్న పొయ్యిలు ఇచ్చి నాలుగేళ్ళ దాకా గమనించిన ఆర్థికవేత్తలు రీమా హన్నా, ఎస్తేర్ డుఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్ తేల్చిందేమంటే, మొదటి ఏడు పీల్చే పొగ తగ్గింది, తర్వాత ఆ లాభం కనపడకుండా పోయింది. జనం ఆ పొయ్యిల్ని సరిగ్గా వాడలేదు, బాగుచేయించుకోడానికి పెట్టుబడీ పెట్టలేదు. అది చదివి పల్లెవాళ్ళకు తెలియదులే అనుకునే చదువుకున్నవాళ్ళు ఒక్కసారి తమ మాడ్యులర్ కిచెన్‌లో ఫాల్స్ సీలింగ్ తలుపు తీసి చూసుకుంటే బాగుంటుంది. అసలు చాలా ఇళ్ళలో ఆ తలుపే పెట్టించరు.

23 ఆగస్టు, శనివారం

మూల మీద టిఫిన్ సెంటరాయన్ని అడిగితే ఒక అబ్బాయి నంబరు ఇచ్చాడు. రోజంతా వడలు వేగే చోట చిమ్నీ చూసేవాడైతే మా చిమ్నీ ఒక లెక్కా అనుకున్నాను. పొద్దున తొమ్మిదింటికి వచ్చాడు. ముప్పై లోపు వయసు, సంచీలో పుట్టీ బ్లేళ్ళు, చేతి తొడుగులు, మల్టీమీటరు. వచ్చినవాడు చిమ్నీ వంక కాదు, ముందు యుటిలిటీ బాల్కనీలోకి వెళ్ళి గోడలో గొట్టం బయటికొచ్చే చోటు చూశాడు. అప్పుడే వీడికి పని తెలుసనిపించింది.

"వేయుండ్రి అమ్మా" అన్నాడు. నేను చిమ్నీ వేశాను. వాడు బయట మూత దగ్గర చెయ్యి పెట్టి, "గాలే లేదు. పైపు సూడకుండ మోటర్ పోయిందని ఎట్ల చెప్పిండు?" అన్నాడు. ఎవరో ఒక వృత్తిలోవాడు ఇంకొకణ్ణి తిట్టడం మామూలే గాని, ఇక్కడ వాడి మాట సబబే. చిమ్నీ సంగతి తెలియాలంటే టిష్యూ లోపల కాదు, చెయ్యి బయట పెట్టాలి.

స్విచ్చి ఆపితే చాలదని ప్లగ్గే పీకేశాడు. ఫిల్టర్లు, దీపం మూత, ముందు పలక, ఒక్కొక్కటి విప్పి పేపరు మీద వరసగా పెట్టాడు. ఫ్యానును పట్టి ఉంచే నట్టు మామూలుగా తిప్పితే రాలేదు, మర ఎడమది. ఎదురు తిప్పి తీశాడు. ఫ్యాను బయటికొచ్చాక నేను కళ్ళద్దాలు పెట్టుకుని దగ్గరకు వెళ్ళాను. గుండ్రటి పంజరం, చుట్టూ వేలెడు పొడవు సన్నని రెక్కలు, లోపలికి వంగి. రెక్కకీ రెక్కకీ మధ్య సందు ఉండాలి కదా, సగం చుట్టు మేర సందే లేదు. కాచు రంగులో, కొన్నిచోట్ల పంచదార పాకం ముదిరినట్టు, జిడ్డు గడ్డకట్టి ఉంది. మధ్యలో దుమ్ము, ఒక జీలకర్ర గింజ, ఈగ రెక్క. గోరు దిగలేదు. పుట్టీ బ్లేడుతో ఒక్కో సందూ గోకుతుంటే పెంకుల్లా ఊడి పడింది.

స్టీలు ఫిల్టర్లను వేణ్ణీళ్ళ టబ్బులో కాస్టిక్ సోడా వేసి ముంచాడు. ఫ్యాను గూడు ముంచలేదు. "ఇది అల్యూమినియం అమ్మా, దీన్ల ఏస్తే తినేస్తది." వాడు పదో తరగతి తప్పానన్నాడు గాని ఈ రసాయన శాస్త్రం ముక్క వాడికి నాకన్నా బాగా ఒంటబట్టింది. కాస్టిక్ సోడా అల్యూమినియాన్ని కరిగించి హైడ్రోజన్ బుడగలు వదులుతుంది. యూట్యూబ్ చూసి అల్యూమినియం జాలీలను అందులో నానబెట్టేవాళ్ళు, తెల్లారేసరికి జాలీ పలచబడి నల్లబడిందని ఫిల్టరు కంపెనీని తిడతారు. చేతి మీద పడితే చర్మాన్నీ ఊరుకోదు. తొడుగులు లేకుండా ఆ టబ్బు దగ్గరికి పనమ్మాయిని రానివ్వలేదు.

ఫ్యాను పైన, గొట్టం మొదట్లో రెండు ప్లాస్టిక్ రెప్పలు ఉంటాయి. చిమ్నీ వేస్తే తెరుచుకుని, ఆపితే మూసుకోవాలి. మావాటిలో ఒకటి జిడ్డుకి తెరుచుకుని అతుక్కుపోయింది, ఇంకోటి మూసుకుని అతుక్కుపోయింది. ముసురు పట్టిన రోజుల్లో చిమ్నీ ఆపి ఉన్నప్పుడు వచ్చే ఆ ముక్కిపోయిన వాసన, అప్పుడప్పుడు పొయ్యి గట్టు మీద కనపడే బొద్దింక పిల్లలు, అన్నిటికీ వీసా ఇచ్చింది ఆ తెరుచుకున్న రెప్పే.

తర్వాత సీలింగ్. తలుపు ఉంది గాని వడ్రంగి దాని మీదుగా రంగు వేయించేశాడు. బ్లేడుతో గీత కోసి తీశాం. లోపల మడతల అల్యూమినియం గొట్టం మధ్యలో కుంగి పొట్ట వేసింది. వాడు వేలితో తడితే ఆ పొట్టలో నూనె గలగలలాడింది. అది చూసి నాకు ఒళ్ళు జలదరించింది. మూకుడులో నూనె అంటుకుని మంట పైకి లేస్తే, పైన చిమ్నీ ఆ మంటను ఈ నూనె గొట్టంలోకి లాక్కుపోతుంది. అలా అంటుకుంటే గ్యాసు కట్టెయ్యాలి, చిమ్నీ ఆపెయ్యాలి, మూకుడు మీద మూత పెట్టాలి, నీళ్ళు మాత్రం చచ్చినా పొయ్యకూడదు. ఈ నాలుగు ముక్కలు పనమ్మాయికి ఇవాళే మళ్ళీ చెప్పాను.

చిమ్నీ దగ్గర ఆరంగుళాల గొట్టం, గోడ దగ్గరికి వచ్చేసరికి నాలుగంగుళాలు. గోడకు పెద్ద కన్నం కొట్టడానికి బద్ధకించి నడుమ ఒక కుదింపు ముక్క తొడిగారు. ఆరు నుంచి నాలుగంటే మూడో వంతే తగ్గిందనిపిస్తుంది. వైశాల్యం వర్గం లెక్కన పోతుంది కాబట్టి ముప్ఫై ఆరుకి పదహారు, దారి సగానికన్నా తక్కువ. ఆఖరున, బయటి మూతలో, పావురం గూడు. చీపురు పుల్లలు, కేబుల్ తీగ ముక్కలు, ఎవరింటిదో మల్లెపూల దారం, ఈకలు, అన్నీ మా గారెల నూనెతో ముద్దకట్టి. గుడ్లు లేవు, బతికాం. ఉంటే పిల్లలు ఎగిరేదాకా ఆయన పని ఆపించేవారు.

గోడ కన్నం పెద్దది చేయించి, మడతలు లేని ఆరంగుళాల పీవీసీ గొట్టం వేశాం, బయటివైపు కాస్త వాలుగా. పావురాల కోసం సన్న జాలీ బిగిస్తానంటే వాడు వద్దన్నాడు. జాలీకి జిడ్డు పట్టి రెండు నెలల్లో మళ్ళీ మూసుకుంటుందట. గాలికి తెరుచుకుని ఆగితే వాలిపోయే రేకుల మూత పెట్టాడు.

అన్నీ బిగించి వేస్తే ఈల పోయింది. అయితే ఫ్యాను మందంగా తిరుగుతోంది! నాకు ఒక్క నిమిషం అర్థం కాలేదు, తర్వాత నవ్వొచ్చింది. దారి తెరుచుకున్నాక ఫ్యానుకు నిజంగా గాలి తోసే పని పడింది, ఇన్నాళ్ళూ దాగిన బలహీనత అప్పుడు బయటపడింది. కెపాసిటరు మీద 4 మైక్రోఫారడ్లు అని ఉంది, మీటరు పెడితే సగానికి కాస్త పైన చూపించింది. రెండు వందలు కూడా చెయ్యని ఆ డబ్బీ మారిస్తే పదేళ్ళ మోటారు మామూలుగా తిరిగింది. మంగళవారం నాటి లెక్కలో ఈ మోటారు చెత్తలోకి పోవాల్సింది.

బయట మూత దగ్గర చెయ్యి పెడితే చీర కొంగు ఎగిరింది. ఆయన చేత కూడా పెట్టించాను.

27 ఆగస్టు, బుధవారం. వినాయక చవితి

ఉండ్రాళ్ళు, కుడుములు. నూనె లేని పండగ, ఆవిరి పండగ. మూత తీయగానే తెల్లటి ఆవిరి చక్కగా నిట్టనిలువుగా లేచి చిమ్నీలోకి పోయింది. ఆవిరి కంటికి కనపడుతుంది కాబట్టి పొగ దారి తెలుసుకోడానికి ఇంతకన్నా సులువు లేదు.

31 ఆగస్టు, ఆదివారం

అసోసియేషన్ మీటింగు. మావైపు ఫ్లాట్ల గొట్టాలు బయటి గోడకు ఉన్నాయి గాని, వెనకవైపు వాళ్ళవన్నీ ఒకే షాఫ్టులోకి తెరుచుకుంటాయి. మూడో అంతస్తులో చేపల పులుసు పెడితే ఐదో అంతస్తు బాత్రూములో తెలుస్తుంది. ఎవరి రెప్పలు అతుక్కుపోయాయో చూసుకుంటే చాలామటుకు పోతుంది, అయినా షాఫ్టు అడుగు ఒకసారి శుభ్రం చేయించాలన్నాను.

ఇంకో మాట కూడా లేవనెత్తాను. వెనకవైపు ఒక ఫ్లాటులో బాత్రూములోనే గ్యాస్ గీజరుంది. కిటికీలన్నీ బిగించుకుని వంటింట్లో చిమ్నీ పూర్తి వేగంతో పెడితే ఇల్లంతా గాలి కోసం లాగుతుంది. అప్పుడు గీజరు పొగ బయటికి పోయే బదులు వెనక్కి లోపలికి వస్తుంది. అందులో కార్బన్ మోనాక్సైడు ఉంటే రంగు లేదు, వాసన లేదు, మనిషి కూలబడ్డాకే తెలుస్తుంది. "టీచరమ్మ మళ్ళీ క్లాసు మొదలెట్టారు" అని ఎవరో నవ్వారు. ఆ ఇంటాయన నవ్వలేదు. మీటింగు అయ్యాక విడిగా వచ్చి గీజరును యుటిలిటీలోకి మార్చడానికి ఎవరిని పిలవాలని అడిగారు.

6 సెప్టెంబరు, శనివారం

విజయవాడ నుంచి వదిన ఫోను. వాళ్ళ చిమ్నీ కూడా లాగడం లేదట, మా మెకానిక్ అబ్బాయిని పంపించమంటుంది, పక్కవీధిలో ఉన్నట్టు. గొట్టం ఎటు పోతుందని అడిగితే గొట్టమే లేదంది. గోడకు కన్నం పెట్టనివ్వని అద్దె ఇల్లు, బొగ్గు ఫిల్టరు రకం. దానికి నా పరీక్షలేవీ పనికిరావు. అది గాలిని లోపలే తిప్పి లోపలికే వదులుతుంది. బొగ్గు వాసనను పట్టుకుంటుంది, వేడినీ తేమనూ పట్టుకోదు. ఆ బొగ్గు కడిగితే తిరిగిరాదు, కొన్ని నెలలకొకసారి మార్చాల్సిందే. "మూడేళ్ళుగా అదే ఉంది వదినా, రెండుసార్లు సబ్బుతో కడిగాను కూడా" అంది. మెకానిక్ అక్కర్లేదు, ముందు ఫిల్టరు మార్చమన్నాను. మార్చాక కూడా వణికితేనో, తీగ కాలిన వాసన వస్తేనో, ముట్టుకుంటే జివ్వుమంటేనో మాత్రం ప్లగ్గు తీసేసి మనిషిని పిలవాలి. జివ్వుమనడం తనకు అలవాటైపోయిందంది! ఇప్పుడే ప్లగ్గు తియ్యమని, ఎర్తింగు చూపించేదాకా పెట్టొద్దని గట్టిగా కసిరాను.

14 సెప్టెంబరు, ఆదివారం

దసరా దగ్గరకొస్తోంది. నూనె కప్పులో అడుగున పలచగా నూనె చేరింది, చూసి సంతోషించాను. దీపం వెనక గోడ జిగురుగా లేదు. క్యాలెండరు మీద ఫిల్టర్లు కడిగే ఆదివారాలకు చుక్క పెట్టాను. సంక్రాంతి అరిసెలు అయ్యాక ఫ్యాను విప్పి చూడ్డానికి అబ్బాయిని రమ్మన్నాను. మేం వండే నూనెకి ఏడాదికొకసారి చాలు, వాడు వెళ్ళే టిఫిన్ సెంటర్‌కి నెల తిరక్కుండానే కావాలి. కంపెనీవాళ్ళ కాగితంలో అందరికీ ఒకే గడువు ఎలా రాస్తారో నాకు అర్థం కాదు.

షాఫ్టు సంగతి ఇంకా తేలలేదు. దాని తలుపు తాళంచెవి పాత వాచ్‌మన్ పట్టుకుపోయాడట. కొత్తది చేయించడానికి మూడు కొటేషన్లు తెప్పిస్తామన్నారు సెక్రటరీగారు. తాళంచెవికి మూడు కొటేషన్లు! షాఫ్టు చూడ్డానికి వచ్చే ఆదివారం రమ్మని, వచ్చేటప్పుడు తాళం పగలగొట్టడానికి సుత్తి కూడా తెచ్చుకోమని అబ్బాయికి చెప్పాను. ఈ సంగతి ఆయనకు ఇంకా తెలియదు.